నవ్వక నవ్వించిన నటుడు
(బస్టర్ కీటను జీవితము)

హాస్యము చెప్పువాడు తానే ముందుగా నవ్వినచో వినువారి నవ్వు సగము తగ్గిపోవును. ఈ సంగతి మన తరగతిగదులయందు సయితము నిత్యము కనబడుచునే యున్నది. ముఖము గంభీరముగ నుంచుకొని వింతమాట నొక్కటి పలికిన బాలుడు తరగతినంతయు నవ్వించును. తాను పకపక నవ్వుచు చెప్పబోయిన బాలుని మాట ఎవరికిని తెలియకయే పోవును. ఈ చిన్న సత్యమును పసితనముననే కనుగొని, దానినే జీవితమునకు మూలధనముగ చేసికొని, చలనచిత్రకళయందొక నూతనమార్గమును త్రొక్కిన మహానటుడు బస్టర్ కీటను. మన దేశమున చార్లీ చాప్లిను పేరు వినని బాలుడు అరుదు. కీటను పేరు విన్నవారు కొలదిమంది మాత్రమే. కావున ఆతని జీవితమును ఇచ్చట సంగ్రహముగ చెప్పదలచితిని. నాయకపాత్ర ధరించు నటుని ముఖమును, దేహమును, స్వభావమును ఒక హాస్యచిత్రమును ఎట్లు తీర్చిదిద్దునో, వానిపై ఆ నటునకు అధికారము తొలగినపుడు చిత్రమేమగునో ఈ చరిత్రము వలన స్పష్టముగ తెలియగలదు.

ఆతని అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాన్సస్ రాష్ట్రమునందలి పికువా యను చిన్న గ్రామమున 1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీని జన్మించెను. తండ్రి జో కీటను, తల్లి మైరా. వీరిరువురును ఊరూర తిరిగి వినోదప్రదర్శనములిచ్చి జీవించు నటులు. మన సురభి నాటకసమాజములయందు కుటుంబము కుటుంబమే రంగస్థలమును నమ్ముకొని బ్రతుకునట్లు వారి బ్రతుకును సాగుచుండెను. పికువా వారి స్వగ్రామము కాదు. ప్రదర్శనముల నిమిత్తమై వచ్చియుండగా అచ్చట బిడ్డ కలిగెను. పసివాడు మెట్లపైనుండి దొర్లిపడియు దెబ్బ తగులక లేచెననియు, అందువలననే పెద్దపాటు అను అర్థము గల బస్టర్ అను పేరు వానికి కలిగెననియు ఆ కుటుంబమువారు చెప్పుకొనెడివారు.

అయిదేండ్ల ప్రాయము నాటికే బాలుడు తలిదండ్రులతో గూడ రంగస్థలమెక్కెను. అంతట వారు ముగ్గురు కీటనులని ప్రసిద్ధులైరి. వారి ఆట చాల మోటైనది. తండ్రి కుమారునకు మర్యాదలు నేర్పుచున్నట్లు నటించును. కుమారుడు మాట వినడు. తండ్రి వానిని ఎత్తి తెరలమీదికిని, వాద్యగాండ్ర నడుమకును విసరివేయును. ఎత్తుటకు వీలుగ నుండుటకై బాలుని అంగీకి వెనుక పెట్టెపిడి నొకదానిని కుట్టియుంచిరి. బాలసంరక్షణకై న్యూయార్కులో ఏర్పడిన సంఘమువారు ఈ ఆటను పలుమారులు ఆక్షేపించిరి. బాలుని దేహమున గాయములేవియు లేవని చూపి తలిదండ్రులు బయటపడుచుండిరి. ఎట్లు పడవలెనో, పడునపుడు ఏ అవయవమును ముందుగా నేలకు ఆన్చవలెనో బాలుడు ఆ వయసుననే సంపూర్ణముగ నేర్చికొనెను.

దానితోపాటు మరియొక పాఠమును నేర్చికొనెను. తాను పడి లేచి నవ్వినపుడు సభలో నవ్వు తగ్గుచున్నది. ఏమియు జరుగనట్లు గంభీరముగ చూచినపుడు సభ యంతయు నవ్వుతో మార్మ్రోగుచున్నది. దీనిని గ్రహించి, నవ్వు వచ్చినను దానిని లోననే అణచుకొనుట అభ్యసించెను. కొంతకాలమునకు ఆ అభ్యాసమే స్వభావమాయెను. ఆతడు రంగస్థలముననే పెరిగెను గాని పాఠశాలలో కూర్చుండి చదువుకొను భాగ్యము ఆతనికి లభింపలేదు. ఈ పత్రికను చదువు బాలబాలికలు ఆ లోపమును అనుకరింపవలదు. అయినను, తన కన్నులయెదుట జరుగుదానిని శ్రద్ధతో పరిశీలించుటయందు ఆతనికి సాటివచ్చు విద్యార్థులు తక్కువ యని మాత్రము చెప్పక తప్పదు.

కాలక్రమమున తండ్రి మద్యపానమునకు లోబడెను. నిమిషమాత్రము పొరబడినను ప్రాణాపాయము గల ఆట యది. త్రాగినవాని చేతులలో తన దేహమును ఉంచుట ఇక సాధ్యము కాదని, 1917వ సంవత్సరమున బస్టరును తల్లియు ఆ ఆటను విడిచిరి. న్యూయార్కు నగరమున నొక నాటకశాలలో వారమునకు 250 డాలర్ల వేతనముతో ఆతనికి ఉద్యోగము సిద్ధముగనుండెను. ఇంతలో రాస్కో ఆర్బకిల్ అను స్థూలకాయుడైన హాస్యనటుడు చిత్రము తీయుచుండగా చూచుటకు పోయి, అందొక చిన్న వేషము ధరించెను. ఆ చిత్రము పేరు ది బుచర్ బాయ్. చిత్రము తీయు కెమేరా ఆతనిని ముగ్ధుని చేసెను. దానిని పుచ్చుకొనిపోయి, భాగములన్నిటిని విప్పి చూచి, మరల కూర్చెను. పిమ్మట 250 డాలర్ల ఉద్యోగమును వదలుకొని, వారమునకు 40 డాలర్లకు ఆర్బకిల్ వద్ద చేరెను. నాటకశాలలో ప్రేక్షకుడు ఒక్కచోటనే కూర్చుండవలెను. కెమేరాయో కొండపైకిని, రైలుపైకిని, నదిలోనికిని పోగలదు. ఈ భేదమే ఆతనిని ఆకర్షించెను.

1918లో ఆతడు సైన్యమున చేరి, మొదటి ప్రపంచయుద్ధపు చివరిదినములలో ఫ్రాన్సు దేశమున పనిచేసెను. అచ్చట వ్యాధివలన వినికిడి కొంత చెడెను. 1919లో తిరిగివచ్చి మరల చిత్రములలో ప్రవేశించెను. జోసెఫ్ షెంక్ అను నిర్మాత 1920లో ఆతనికి ప్రత్యేకముగ ఒక స్టూడియోను ఏర్పాటు చేసెను. 1920 మొదలు 1923 వరకు కీటను అచ్చట 19 లఘుచిత్రములను తీసెను. అవి మూకచిత్రముల దినములు; మాటలు వినబడవు, ముఖమే మాటలాడవలెను. అట్టి కాలమున నవ్వనట్టియు, ఏడ్వనట్టియు ముఖముతో నాయకుడగుటకు ఎంత ధైర్యము కావలెనో యోచింపుడు. చాప్లిను ముఖము కరుణను యాచించును. చూచువారు వెంటనే జాలిపడుదురు. కీటను ముఖము ఎవరిని ఏమియు అడుగదు. తలపై చదునుగ నున్న చిన్న టోపి, దాని క్రింద విశాలమైన కన్నులు, కన్నులయందు ఎడతెగని ఆలోచన, అంతే. ఆ టోపిని సయితము ఆతడు మామూలు టోపిని కత్తిరించి, అంచును చక్కెరనీళ్లతో బిరుసెక్కించి, స్వయముగ తయారుచేసికొనెడివాడు.

1920లో వచ్చిన వన్ వీక్ అను చిత్రమును చూడుడు. నూతనవధూవరులకు భాగములుగ పెట్టెలలో అమర్చిన ఇల్లొకటి కానుకగ వచ్చును. అసూయాపరుడొకడు పెట్టెలపై అంకెలు మార్చివేయును. వరుడు ఆ అంకెల ప్రకారమే శ్రద్ధగ ఇల్లు కట్టగా అది వంకరటింకరగ లేచును. గాలివానలో బొంగరమువలె తిరుగును. స్థలము మార్చుటకై లాగుకొనిపోవుచుండగా రైలుపట్టాల నడుమ చిక్కుకొనును. ఎదుటినుండి రైలు వచ్చును. భార్యాభర్తలు కన్నులు మూసికొందురు. ఆ రైలు ప్రక్కపట్టాలమీదుగ పోవును. అమ్మయ్య యనుకొనునంతలో వెనుకనుండి మరియొక రైలు వచ్చి ఇంటిని తుత్తునియలు చేయును. వేరొక నటుడైనచో జుట్టు పీకికొనును, భూమిపై పడి పొరలును. కీటను ఒక్కక్షణము చూచి, ఆ శకలములపై అమ్మకమునకు కలదను పలకను నాటి, భార్య చేయి పట్టుకొని వెడలిపోవును. అదియే కథయొక్క ముగింపు. ఆ నటుని స్వభావమునుండియే ఆ ముగింపు పుట్టినది, మరియొకనికది పొసగదు.

ఆతని నటనయే చిత్రనిర్మాణపద్ధతిని గూడ నిర్ణయించెను. ముఖము భావములను వెల్లడింపనపుడు కెమేరా ముఖమునకు దగ్గరగ పోవలసిన పనిలేదు. కావున కీటను కెమేరాను దూరముగ నిలిపి, తన దేహమును ఆపాదమస్తకమును, చుట్టునున్న ప్రపంచమును ఒక్కసారిగ చూపెడివాడు. సాహసకృత్యములను ముక్కలు ముక్కలుగ తీసి అతికించినచో ప్రేక్షకులు నమ్మరని తలచి, వీలైనంతవరకు ఒక్కపట్టున తీయించెడివాడు. దేహము నిజముగ పడినపుడే నవ్వు నిజమగునని ఆతని సిద్ధాంతము. దీనికి ఆతడు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. 1924లో షెర్లాక్ జూనియర్ అను చిత్రము తీయునపుడు రైలింజనులకు నీరు నింపు గొట్టమునుండి జలధార మీదబడగా, పట్టాపై తల కొట్టుకొని మెడ ఎముక చిట్లెను. తలనొప్పి యనుకొని పని సాగించెను. అనేక సంవత్సరముల తరువాత వైద్యులు పరీక్షించినపుడు గాని అసలు సంగతి బయటపడలేదు.

ప్రేక్షకుల నవ్వును పరిశీలించుటయందు ఆతడు ఎన్నడును ఏమరలేదు. 1925లో సెవెన్ ఛాన్సెస్ అను చిత్రమును విడుదలకు ముందు కొందరికి చూపిరి. ముగింపునందు కొండవాలున పరుగెత్తుచున్న కీటను కాలు తగిలి రెండుమూడు రాళ్లు వెంట దొర్లినవి. ఆ రాళ్లను అతడు కావలెనని పెట్టలేదు. అయినను ప్రేక్షకులు అంతవరకు నవ్వనంతగ నవ్విరి. కారణమును కనుగొని, ఆతడు కాగితపుగుజ్జుతో చిన్నవియు పెద్దవియు వందలకొలది బండలను చేయించి, మరల ఆ కొండపైకి పోయి, ఆ బండల వాన నడుమ పరుగెత్తి ముగింపును క్రొత్తగ తీసెను. నేటికిని ఆ చిత్రము ఆ బండలవలననే ప్రసిద్ధము.

ఆతని కృతులలో తలమానికము ది జనరల్. 1862లో అమెరికా అంతర్యుద్ధకాలమున ఉత్తరపక్షమువారు దక్షిణపక్షమువారి రైలింజను నొకదానిని అపహరించుకొనిపోయిన యథార్థసంఘటన దీనికి ఆధారము. కీటను ధరించిన పాత్ర జానీ గ్రే అను ఇంజను డ్రైవరు. సైన్యమున చేరబోగా, డ్రైవరుగనే ఎక్కువ ఉపయోగపడునని తలచి అధికారులు నిరాకరింతురు. కారణము మాత్రము చెప్పరు. ప్రియురాలు వానిని పిరికివాడని నిందించును. దుఃఖముతో ఆతడు ఇంజను చక్రములను కలుపు ఇనుపదండముపై కూర్చుండును. ఇంజను మెల్లగ కదలును. దండముతోపాటు ఆతడును పైకి లేచుచు, క్రిందికి దిగుచు పోవును. విచారమున మునిగియున్నందున ఆ సంగతియే వానికి తెలియదు. నవ్వును కన్నీరును ఇంత సమీపమున నిలిపిన దృశ్యములు చలనచిత్రములయందు అరుదు. ముఖము ఏమాత్రము చలించియున్నను ఆ దృశ్యము చెడియుండెడిది.

ఈ చిత్రమును 1926లో ఓరిగాన్ రాష్ట్రమున కాటేజ్ గ్రోవ్ అను పట్టణప్రాంతమున తీసిరి. మండుచున్న వంతెనపైనుండి నిజమైన ఇంజనును నదిలో పడద్రోసిరి. రెండవసారి తీయుటకు అవకాశము లేదు. ఆ యినుము రెండవ ప్రపంచయుద్ధకాలము వరకు ఆ నదిలోనే యుండెను. ఇంత శ్రమపడి, ఇంత ధనము వెచ్చించి తీసిన చిత్రమునకు నాటివారు ఆదరము చూపలేదు. యుద్ధమునందు హాస్యమేమని కొందరు విమర్శకులు ఆక్షేపించిరి. పెట్టిన ధనమునకు తగిన రాబడి రాలేదు. కీటనుకు తన చిత్రములపై గల స్వాతంత్ర్యమునకు క్షయము ఇచ్చటనుండియే ఆరంభమాయెను.

ఆ స్వాతంత్ర్యముతో తీసిన చివరి చిత్రము 1928లో వచ్చిన స్టీమ్‌బోట్ బిల్ జూనియర్. తుపానుగాలి వీచుచుండగా ఇంటి ముందుగోడ మొత్తముగ కూలి నాయకునిపై పడును. మేడమీది కిటికీయొక్క ఖాళీ సరిగ ఆతడు నిలిచిన చోట పడుటచే ఆతడు బ్రతుకును. ఆ గోడ బొమ్మగోడ కాదు, టన్నుల బరువు గలది. ఆతని దేహమునకును కిటికీ చట్రమునకును నడుమ కొలది అంగుళముల ఎడమే యుండెను. నిలువవలసిన చోట గురుతుగ కొట్టిన మేకునుండి అడుగు కదలినచో ప్రాణము పోయెడిదే. ఆ క్షణమునను ఆ ముఖము చలింపలేదు. తరువాత పరుగెత్తును.

అదే సంవత్సరమున షెంక్ సలహాపై కీటను మెట్రో గోల్డ్విన్ మేయర్ అను మహాసంస్థలో చేరెను. చాప్లిను మున్నగు మిత్రులు వలదనిరని ఆతడు తరువాత చెప్పుకొనెను. అంతకుముందు ఆతని పద్ధతి వేరు. కథకు మొదలు, చివర నిశ్చయించికొని, నడుమ భాగమును చిత్రము తీయుచోటనే తన బృందముతో కలిసి కల్పించుకొనెడివాడు. క్రొత్త సంస్థలోనో ప్రతి దృశ్యమును ముందుగ వ్రాయవలెను, ప్రతి వ్యయమునకు అనుమతి పొందవలెను. ఆతనికి హాని కలిగిన పని నిలిచిపోవునను భయముచే సాహసకృత్యములను సయితము కట్టుబాటు చేసిరి. 1928లో వచ్చిన ది కెమేరామన్ మాత్రము పూర్వవైభవమునకు తగినట్లుండెను. పిమ్మట టాకీలు వచ్చెను. ఆలోచించి యంత్రమును, గాలిని, విధిని జయించు నాయకుని స్థానమున ఇతరులు వ్రాసియిచ్చిన మాటలను వల్లించు మందమతిని నిలిపిరి. జిమ్మీ డ్యురాంటీ యను వాచాలుడైన నటుని ప్రక్కన జతపరచిరి. నటుడు వాడే, ముఖమును అదియే. కాని ఆ ముఖమునుండి చిత్రము పుట్టుటకు బదులు, ముందుగ కట్టిన చిత్రములో ఆ ముఖమును అతికింపజూచిరి. విచిత్రమేమనగా, ది జనరల్ ధనము పోగొట్టినది. ఈ టాకీలు ధనము ఆర్జించినవి. నేడు ఆ టాకీలను తలచువారు లేరు.

తండ్రిని బాధించిన మద్యపానమే కుమారుని గూడ పట్టుకొనెను. 1921లో పెండ్లాడిన నటాలీ టాల్మడ్జ్ 1932లో విడాకులు పొందెను; ఇరువురు కుమారులకును తండ్రి యింటిపేరు తీసివేసి తన యింటిపేరు పెట్టెను. 1933లో సంస్థవారు కీటనును ఉద్యోగమునుండి తొలగించిరి. రెండవ వివాహమును నిలువలేదు. ఋణములు తీర్చలేక 1934లో దివాలా తీసెను. ఎవరి సంస్థకు తారయై వెలిగెనో ఆ సంస్థకే కొంతకాలమునకు మరల పోయి, పూర్వవేతనమున స్వల్పభాగమునకు ఇతర నటుల చిత్రములలో హాస్యసన్నివేశములను కల్పించియిచ్చు పనిలో చేరెను. పేరు తెరపై కనబడదు. అయినను ఆ పనిని చిన్నపనిగ చూడక చేసెను. క్రమముగ త్రాగుడు తగ్గించుకొనెను. 1940లో ఎలినార్ నారిస్ అను నర్తకిని వివాహమాడెను. ఆమె వానికంటె చాల చిన్నది. ఈ వివాహము నిలువదని పలువురు తలచిరి. కాని ఆమె మరణపర్యంతము వానికి తోడునీడయై నిలిచెను.

గుణము మరుగుపడవచ్చును గాని నశింపదు. 1949లో జేమ్స్ ఏజీ అను విమర్శకుడు లైఫ్ పత్రికలో మూకచిత్రముల హాస్యనటులను గూర్చి గొప్ప వ్యాసము వ్రాసి కీటను ఘనతను లోకమునకు జ్ఞాపకము చేసెను. 1952లో లైమ్‌లైట్ అను చిత్రమున చాప్లినుతో కలిసి నటించెను. కీటను పూర్వము కట్టించుకొని పోగొట్టుకొనిన భవనమును జేమ్స్ మేసన్ అను నటుడు కొనగా, అందు దాగియున్న పాత ఫిల్ములు ఆతనికి దొరకెను. నశించినవనుకొన్న చిత్రములు మరల వెలుగు చూచెను. 1960లో అకాడమీ వారు ఆతనికి గౌరవపురస్కారము నొసగిరి. 1965లో వెనిస్ చలనచిత్రోత్సవమున సభాసదులు లేచి నిలిచి హర్షధ్వానములు చేసిరి. 1966వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీని, కాలిఫోర్నియా రాష్ట్రమున, శ్వాసకోశమునందలి పుట్టకురుపుచే కీటను దివంగతుడయ్యెను. అప్పటికి ఆతనికి 70 ఏండ్లు. 1989లో అమెరికా ప్రభుత్వము శాశ్వతముగ కాపాడదగినవని మొట్టమొదట ఎన్నిన 25 చిత్రములలో ది జనరల్ ఒకటి.

విద్యార్థులారా, ఈ చరిత్రమును చదివినవారు కీటను ముఖము రాతిముఖమనియు, ఆతనికి భావములు లేవనియు తలచరాదు. ఆ ముఖమున దుఃఖము కలదు, ప్రేమ కలదు, భయమును కలదు. వాటిని ఇతరులకు చూపి జాలి సంపాదింపవలెనను కోరిక మాత్రము లేదు. ఇల్లు కూలినపుడు ఆ పాత్ర మరియొక ఉపాయమును వెదకును. ఇంజను పోయినపుడు కాలినడకనే తరుముకొనిపోవును. నిజజీవితమునను ఆతడు తుదకు చేసినది ఇదియే. గోడ కూలినది, కొంతకాలము ఆతడును దాని క్రింద చిక్కుకొనెను. అయినను లేచి, దుమ్ము దులుపుకొని, దొరకిన పనిని శ్రద్ధతో చేయుచు, నవ్వక మనల నవ్వించుచు పోయెను. ఆ చిత్రములను చూచు అవకాశము మీకు కలిగినపుడు తప్పక చూడుడు. చూచి మనసార నవ్వుడు. నవ్విన పిమ్మట, ఆ నవ్వు ఎచ్చటనుండి పుట్టినదో ఒక్కక్షణము యోచింపుడు.